చింతపండుతో తోమిన నక్షత్రం

ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోతే చదివేవాళ్లు సర్దుకోవాలి. నా పిల్లలు కాలేజీకి వెళ్లే రోజుల్లో నేను పలక పట్టాను. కొడవలికి అలవాటైన చేతికి కలం మరీ తేలిగ్గా ఉండి, పట్టు చిక్కదు. ఈ కాసిని కాగితాలు నింపడానికి నాకు ఒక వానాకాలం పట్టింది. నెమ్మదికి మన్నించండి. ఇది మా అత్త శౌరమ్మ కథ. ఇందులో ఆవిడ పక్కన నడిచే కోడలు అమలమ్మను నేనే. కథ ఆవిడది కాబట్టి నన్ను కూడా బయటి మనిషిలాగే రాసుకున్నాను.

సున్నపురాళ్లు కుండలో పడగానే నీళ్లు బుసబుసమని పొంగాయి. శౌరమ్మ ముఖం పక్కకు తిప్పుకుని వెదురుకర్రతో కలియబెట్టింది. పొగలాంటి ఆవిరి లేచి పెరట్లో మునగచెట్టు దాకా పాకింది. కాసేపు ఆగి మళ్లీ కలిపింది. రాయి పూర్తిగా విరిగే దాకా తొందరపడకూడదు. తొందరపడితే గోడకు పూశాక పొక్కులు లేస్తాయి. రేపు పాతచీర గుడ్డలో వడగట్టి, చేతికి అంటుకోకుండా గంజి కలిపి, చిటికెడు నీలిమందు వెయ్యాలి. అప్పుడు ఆ తెలుపు కళ్లకు చల్లగా ఉంటుంది.

డెబ్బై నాలుగో సంవత్సరం. పోయినవాళ్ల కోసం ప్రార్థించే సమాధుల పండగ దగ్గర పడింది. హనుమాన్ జంక్షన్ నుంచి కాలవ గట్టు మీద నడిచి వెళ్తే వచ్చే ఆ పేటలో, సమాధులకు సున్నం వెయ్యడం ఎప్పటినుంచో శౌరమ్మ పని. సొంతవాళ్లు ఊళ్లో లేని సమాధులకు కూడా ఆవిడే వేస్తుంది. అందరివీ అయ్యాక చివర తన మొగుడి దిబ్బకు వేసుకుంటుంది. ఆ దిబ్బలో ఎవరూ లేరు. రాయప్ప బర్మా అడవుల్లో మిలటరీవాళ్లకు రోడ్లు వేస్తూ పోయాడు. ఎక్కడ పూడ్చారో తెలియదు. ఉత్తరం వచ్చింది, ఆ తరవాత ఎన్నాళ్లకో పోస్టులో మిలటరీ పతకం, ఒక నక్షత్రం వచ్చింది. ఆరు కోణాలు, మధ్యలో రాజుగారి కిరీటం. పండగ పూట ఆ నక్షత్రాన్ని దిబ్బ మీద పెట్టి చుట్టూ కొవ్వొత్తులు వెలిగిస్తే, పక్క సమాధులకంటే అదే ఎక్కువ మెరిసేది.

"అమలా, పెట్టెలోంచి డబ్బా పట్రా. మీ మావని కూడా తోమేద్దాం, చింతపండు నానిందిగా," అని కేక వేసింది.

మొగుడి పేరు నోటితో చెప్పే కాలం కాదది. నక్షత్రాన్ని తోమడం ఆ ఇంట్లో "మావని తోమడం". నవ్వొచ్చే మాటే, కాని ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

అమలమ్మ లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతులు ఖాళీగా ఉన్నాయి.

"పెట్టెలో లేదత్తా. చీరలన్నీ దులిపి చూశా."

శౌరమ్మ లేచి, సున్నం చేతులు కొంగుకు తుడుచుకుంటూ తనే వెళ్లి చూసింది. చీరల అడుగున బిస్కట్ల డబ్బా ఉండే చోట ఆ ఆకారంలోనే పల్లం ఉంది. ఆవిడ ఆ పల్లంలో చెయ్యి పెట్టి చూసింది.

సాయంత్రం కొడుకు ఇన్నయ్య వచ్చాడు. బెజవాడ పటమటలో రావుగారని ఒకాయన లారీల మీద క్లీనరుగా చేస్తున్నాడు. ఒంటి నిండా డీజిలు వాసన, చేతిలో అరటిపళ్ల హస్తం.

"ఒరేయ్, డబ్బా ఏదిరా?"

"ఏ డబ్బా?"

"ఏ డబ్బా అంటావేంట్రా? మీ నాన్న డబ్బా."

కాళ్లు కడుక్కుంటున్న ఇన్నయ్య, కడిగిన కాలే మళ్లీ కడుక్కున్నాడు.

"రావుగారి దగ్గరుందమ్మా. చూస్తానన్నారు."

"చూడ్డానికా, ఉంచుకోడానికా?"

"ఆయనకి అదో పిచ్చమ్మా. ఇంట్లో ఒక గది నిండా మిలటరీ సామానే. కత్తులు, టోపీలు, ఎప్పటివో యుద్ధాల పుస్తకాలు, ఉత్తరాలు. మొన్న మాటల్లో మా నాన్న బర్మా పోయాడండీ అన్నా. అంతే, లారీ ఎక్కబోయే ఆయన దిగిపోయాడు. ఏమన్నా ఉందా ఇంట్లో, ఏమన్నా ఉందా అని ఒకటే అడగడం."

"అందుకని పట్టుకెళ్లి చేతిలో పెట్టావ్."

"ఉంచుకోండన్నా." ఇన్నయ్య గొంతు తగ్గింది. "బసవయ్య డ్రైవరు పని మానేస్తున్నాడమ్మా. ఆ సీటు ఎవరికిస్తారో ఇంకా తేల్లేదు."

"మీ నాన్ననిచ్చి సీటు తెచ్చుకుంటావా?"

"నాన్ననెక్కడిచ్చా? ఇత్తడి ముక్కనిచ్చా!"

శౌరమ్మ అరటిపళ్ల హస్తాన్ని దండెం పక్క చిలక్కొయ్యకు తగిలించింది. ఒక పండు వదులైతే తెంపి కోడలి చేతికిచ్చింది. ఆ తరవాతే మాట్లాడింది.

"పండగనాటికి నా డబ్బా నా చేతిలో ఉండాల. నువ్వు తెస్తావా, నన్ను పొమ్మంటావా?"

ఇన్నయ్య తల దించుకున్నాడు. తనిచ్చింది తనే వెనక్కి అడగడం వాడి వల్ల కాదని ఆవిడకు అర్థమైంది.

*

మర్నాడు అత్తాకోడళ్లు గుడికి కట్టుకునే చీరలు కట్టుకుని బెజవాడ బస్సెక్కారు. ఉత్త చేతులతో వెళ్లకూడదని పెరటి సొరకాయ ఒకటి శౌరమ్మ ఒళ్లో ఉంది. కిటికీలోంచి పొట్టకొచ్చిన వరిచేలు వెనక్కి పోతున్నాయి. గన్నవరం దాటాక శౌరమ్మ కోడలి వైపు తిరిగింది. "ఆయన మంచోడైతేనే కష్టమే అమలా. చెడ్డోడైతే నాలుగు మాటలని లాక్కోవచ్చు," అంది.

పటమటలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ప్రహరీ లోపల లారీ ఒకటి మూతి తెరుచుకుని నిలబడి ఉంది. వీధి మెట్ల దగ్గర ఆగితే, రావుగారి భార్య రాజ్యలక్ష్మిగారు కిటికీలోంచి చూసి, "ఇన్నయ్య వాళ్లా? వెనక నుంచి రండమ్మా," అంది. ఆ గొంతులో విసుగేం లేదు. ఎప్పుడూ అనే మాటే.

వెనక వరండాలోంచి ఒక గది తలుపు తెరిచి ఉంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కలరా ఉండల వాసనా పాత తోలు వాసనా కలిసి ముక్కుకు తగిలాయి. గోడల పొడుగునా బీరువాలు, వాటి నిండా తోలు అట్టల పుస్తకాలు. మేకులకు ఇనుపటోపీలు. ఒక మూల బూర. మడతలు చిరిగిన చోట గుడ్డ అంటించిన పెద్ద మ్యాపు. మధ్యలో బల్ల దగ్గర వెంకటకృష్ణారావుగారు బనీనుతో కూర్చుని, గడ్డం గీసుకునే బ్రష్షుతో ఒక పుస్తకం దుమ్ము దులుపుతున్నారు. పుస్తకం వెన్ను దగ్గర మొదలుపెట్టి బయటికి, వెన్ను దగ్గర మొదలుపెట్టి బయటికి. బ్రష్షు ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు. పసిబిడ్డ తల దువ్వుతున్నట్టుంది ఆ చెయ్యి. శౌరమ్మ అది చూసి, అడగాలనుకున్న మాట కాసేపు మింగింది.

"రామ్మా. నువ్వేనా ఇన్నయ్య తల్లివి? మంచి వస్తువు దాచావమ్మా ఇన్నేళ్లు," అన్నారు ఆయన. రమ్మన్నారు గాని, గుమ్మం దాటాలో వద్దో శౌరమ్మకు తెలియలేదు. రాజ్యలక్ష్మిగారు వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తోంది. శౌరమ్మ బయటే నిలబడింది. అమలమ్మ ఆవిడ వెనక నిలబడింది.

రావుగారు మాటల మనిషి. వినేవాళ్లు దొరికితే చాలు. "ఇది చూడు," అంటూ పలచటి కాగితాల మధ్య పెట్టిన ఒక ఉత్తరాన్ని చెక్కపేడుతో జాగ్రత్తగా లేపారు. "ఏలూరు రోడ్డులో పాతకాగితాలవాడి దగ్గర బస్తాలో దొరికింది. మనవాడే ఎవడో ఇటలీ నుంచి రాశాడు. విను." గొంతు సవరించుకుని చదివారు. "'ఇక్కడ వరి లేదు, అంతా గోధుమే. అయినా కోత కోసిన పూట గాలి మన ఊరి గాలిలాగే ఉంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.'" చదవడం ఆపి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎన్నిసార్లు చదివినా ఇక్కడికొచ్చేసరికి ఇంతే."

"ఎవరిదండీ?" అంది శౌరమ్మ.

"సత్యం అని సంతకం. ఊరు పేరు సెన్సారువాడు నల్లగా కొట్టేశాడు."

"వాళ్లావిడకి చేరిందంటారా?"

"చేరబట్టే కదమ్మా పాతకాగితాల్లోకి వచ్చింది," అన్నారు రావుగారు. తన మాట తనకే గుచ్చుకున్నట్టు ఉత్తరాన్ని మళ్లీ కాగితాల మధ్య పెట్టేశారు. "మిలటరీలో చేరదామని నేనూ పోయానమ్మా, గవర్నరుపేటలో మనుషుల్ని తీసుకుంటుంటే. మా నాన్న వచ్చి చెవి పట్టుకుని లాక్కుపోయాడు, అందరూ చూస్తుండగా. ఇదిగో, ఇట్లా తీరుతోంది ఆ ముచ్చట."

సొరుగు ఒకటి మొత్తంగా ఊడదీసి గుమ్మం దాకా తెచ్చారు. నీలం గుడ్డ మీద వరసగా నక్షత్రాలూ బిళ్లలూ ఉన్నాయి. ఒక్కోదాని కింద ఒక్కో అట్టముక్క. శౌరమ్మకు వెతుక్కునే పని లేకపోయింది. అన్నీ నల్లగా ఉన్నాయి, ఒకటే పసుప్పచ్చగా మెరుస్తోంది.

"ఈళ్లకెవరూ లేరా అండీ?"

"ఎవరికి?"

"ఈ నల్లటోళ్లకి. తోమే దిక్కు లేదా అంట."

రావుగారు పెద్దగా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆమె ముఖం చూసి ఆగారు. "అది మురికి కాదమ్మా. కాలం. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నువ్వు దేంతో తోమావు?"

"చింతపండు, బూడిద. బిందెలకెట్లాగో అట్లాగే. ఏటా తోముతానండీ."

ఆయన నక్షత్రాన్ని చేతిగుడ్డతో పట్టుకుని వెనక్కి తిప్పారు. భూతద్దం తెచ్చి దాని మీద ఉంచి, ఆవిడను చూడమన్నారు. శౌరమ్మ వంగి చూసింది. అద్దంలో నున్నటి లోహం పెద్దగా కనిపించింది, వెన్నెల పడ్డ బండలాగా. దానికి అడ్డంగా ఒకచోట గీత లాంటిదేదో ఉండీ లేనట్టు ఉంది.

"మనవాళ్లకిచ్చిన వాటి వెనక పేరు చెక్కేవాళ్లు. నంబరు, పేరు, పటాలం. సన్నటి అక్షరాలు. ఇక్కడ ఉండేది." వేలుతో చూపించారు. "అరిగిపోయింది."

శౌరమ్మకు చదువు రాదు. వెనక ఉన్న గరుకును ఆవిడ ఇన్నేళ్లూ మరక అనుకుంది. మొండి మరక అని ముందు వైపు కంటే వెనక వైపే ఎక్కువసేపు రుద్దేది. ఒక ఏడు అది పూర్తిగా పోయి నున్నబడినప్పుడు, పక్కింటి తెరేసమ్మను పిలిచి చూపించింది కూడా.

ఆవిడ భూతద్దం మీద నుంచి కళ్లు తీసింది. బొటనవేలిని చూపుడువేలికి రాసుకుంది, దానికేదో అంటినట్టు.

"ఆ అట్ట మీద ఏం రాశారండీ?"

"బర్మా నక్షత్రం. కృష్ణా జిల్లా. సైనికుడి పేరు తెలియదు."

"తెలియకపోవడమేంటండీ?"

"అంటే... దాని మీద లేదు కదమ్మా."

"దాని మీద లేకపోతే మేం లేమా? ఇన్నయ్య లేడా?"

"ఇన్నయ్య చెప్పాడు. చెప్పినా రాయకూడదు." రావుగారు ఓపిగ్గానే చెప్పారు. "రేపు తెలిసినవాడెవడో వచ్చి ఆధారమేదంటాడు. వస్తువు మీదన్నా ఉండాలి, సర్కారు కాగితం మీదన్నా ఉండాలి. కాగితం ఏమన్నా ఉందా?"

"చెదలు తినేశాయండి."

"చూశావా మరి."

రాజ్యలక్ష్మిగారు కాఫీ తెచ్చింది. రావుగారికి గాజుగ్లాసులో. వీళ్లిద్దరికీ వరండా గూట్లోంచి తీసిన సత్తు గ్లాసుల్లో, అరుగు మీద పెట్టి. శౌరమ్మ గ్లాసు తీసుకోలేదు. గడప అవతల సొరుగులో నీలం మఖమలు మీద రాయప్ప ఉన్నాడు. గుమ్మం బయట ఆవిడ ఉంది. అది ఆవిడ చూసింది. చూసినట్టు అమలమ్మకు తెలిసింది.

"గోగుల రాయప్ప," అంది శౌరమ్మ.

అమలమ్మ ఉలిక్కిపడి అత్త ముఖంలోకి చూసింది. ఆ పేరు ఆవిడ నోట వినడం అదే మొదలు. పెళ్లినాడు కూడా పక్కవాళ్లే చెప్పి ఉంటారు. శౌరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. పైట నిండుగా కప్పుకుంది. "గోగుల రాయప్ప. రోడ్లేసే పటాలం. రాసుకోండి."

"నువ్వు అబద్ధం చెప్తున్నావని కాదమ్మా," అన్నారు రావుగారు. "దీనికో పద్ధతుంది."

"అయితే నా డబ్బా నాకిచ్చేయండి బాబుగారూ. పేరు లేనోడిగా ఉండే కర్మ ఆయనకేంటి?"

"ఇన్నయ్య ఇచ్చాడు కదమ్మా?"

"ఇచ్చేదానికి అది ఇన్నయ్యది కాదండీ."

ఆయన సొరుగు వైపు చూశారు. అట్టముక్క తీసి మడిచి, బనీనుకు జేబు లేదని తెలిసి బల్ల మీద పెట్టారు. నక్షత్రాన్ని దూదిలో చుట్టి, బిస్కట్ల డబ్బా ఎక్కడుందో వెతికి, అందులో పెట్టి, తనే గుమ్మం దాటి వచ్చి ఆవిడ చేతిలో పెట్టారు.

"బలవంతాన ఉంచుకున్న వస్తువు ఈ గదిలో ఒక్కటి లేదు. తీసుకుపో. ఒక్క మాట మాత్రం వినమ్మా. ఇంక తోమకు. కిరీటం కూడా పోతుంది."

సొరకాయ అరుగు మీద వదిలేసి వచ్చిన సంగతి బస్సెక్కాక గుర్తొచ్చింది. "పోనీలే," అంది శౌరమ్మ, "ఉత్త చేతులతో పోలేదుగా." డబ్బా ఒళ్లో పెట్టుకుని, మూత మీద రెండు చేతులూ వేసి కూర్చుంది. జంక్షన్‌లో దిగే దాకా ఆ చేతులు తీయలేదు.

*

ఆ సాయంత్రం ఇన్నయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. "తెచ్చేసుకున్నావుగా. ఇంక ఆ సీటు మర్చిపోవాల్సిందే," అన్నాడు. అమలమ్మ కంచం మీద మూత పెట్టింది.

మర్నాడు పొద్దున్నే సున్నం కుండ నెత్తిన పెట్టుకుని, అత్తాకోడళ్లు సమాధుల దొడ్డికి వెళ్లారు. తాటిమట్ట చివర నలగ్గొట్టి చేసిన కుంచె శౌరమ్మది. ముందు పైనుంచి కిందికి ఒక పూత, అది ఆరాక అడ్డంగా ఇంకొకటి. సిలువల మూలల్లో వేలికి గుడ్డ చుట్టుకుని పూసేది. అమలమ్మ ముందు వెళ్తూ గడ్డి పీకి, పాత మైనం గీకి శుభ్రం చేసింది. మధ్యాహ్నానికి దొడ్డంతా తెల్లబడింది. అందరివీ అయ్యాక శౌరమ్మ ఆ చివరి దిబ్బ దగ్గర చతికిలబడింది.

తెరేసమ్మ తన అత్తమామల సమాధి మీద బంతిపూలు పెట్టడానికి కొలత చూసుకుంటూ వచ్చింది. డబ్బా మూత తీసి ఉండటం చూసి తొంగి చూసింది.

"ఏంటొదినా, ఈ ఏడు అన్నయ్య స్నానం చెయ్యలేదా? మొహం వాడినట్టుందే?"

"చెయ్యడు. ఇంక చెయ్యడు."

"అయ్యో, అదేం? చింతపండు లేకపోతే నేనివ్వనా?"

"చింతపండుంది తెరేసూ. మొగుడే అరిగిపోయాడు."

తెరేసమ్మ నవ్వబోయి, శౌరమ్మ నవ్వకపోవడం చూసి ఊరుకుంది. పక్కన కూర్చుంది. శౌరమ్మ పటమటలో జరిగింది చెప్పింది. కాఫీ గ్లాసుల సంగతి చెప్పలేదు. పేరు సంగతి చెప్పింది.

"మరక పోయిందని నాకు చూపించావు చూడు..." అని తెరేసమ్మ సగంలో ఆపేసింది. కాసేపటికి తెరేసమ్మ లేచి, తన బంతిపూలల్లోంచి దోసెడు తీసి దిబ్బ పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చాక శౌరమ్మ గిన్నెలు ముందేసుకుని కూర్చుంది. ఏటా పండగ ముందు ఇంట్లో ఇత్తడీ రాగీ మొత్తం తోమేది. బిందె అయింది, చెంబు అయింది, పళ్లెం అయింది. అమలమ్మ కడిగి బోర్లిస్తోంది. మాటల్లో పడి ఆవిడ పక్కకు చెయ్యి చాచి డబ్బాలోంచి నక్షత్రం తీసింది. చింతపండు ముద్ద దాని మీద పెట్టి బొటనవేలితో అదిమింది కూడా.

"అత్తా!"

శౌరమ్మ చెయ్యి ఆగింది. ముద్ద కింద నుంచి పుల్లటి నీళ్లు కారి మణికట్టు దాకా వచ్చాయి. కిరీటం మీద ఒక పక్క అప్పుడే పసుప్పచ్చగా తేలింది. ఆవిడ నక్షత్రాన్ని మంచినీళ్లలో ముంచి, పైట చెంగుతో రుద్దకుండా అద్దింది. చేతిని ఎదర పెట్టుకుని చూసుకుంది.

"ఇది ఊరుకోదే అమలా. దీనికి ఇంకో పని తెలవదు."

ఇన్నయ్య డ్యూటీకి బయల్దేరుతూ ఖాకీ చొక్కా తొడుక్కుంటున్నాడు. ఆవిడ డబ్బా తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"తీసికెళ్లి రావుగారికియ్యి."

ఇన్నయ్య అమలమ్మ వైపు చూశాడు. "నిన్న తెచ్చుకుని ఇయ్యాల ఇమ్మంటావేంటి? నవ్వుకుంటారు."

"నవ్వుకోనీ. ఆయన తోమడు. ఆయన దగ్గరుంటే ఉన్న కాస్తన్నా ఉంటాడు మీ నాన్న." గుక్క తిప్పుకుంది. "ఒక్కటి చెప్పు. సమాధుల పండగ పూట ఆయనే పట్టుకు రావాల. ఆయనే, తన చేత్తో. ఈ ఏడే కాదు, ప్రతి ఏడూ. నీ చేత పంపిస్తే నేను పుచ్చుకోను."

"అమ్మా, ఆయన మన సమాధుల దొడ్డికి వస్తారా? కారు కూడా రాదు, గట్టు మీద నడవాల."

"మనిషిని దాచుకునేవాడికి ఆ మనిషి చోటు తెలియొద్దా?"

"రాకపోతే?"

శౌరమ్మ సున్నం ఎండిన వేళ్లను ఒకదానితో ఒకటి గోకింది. "రాకపోతే దిబ్బ ఉత్తిదే ఉంటది. ఎప్పుడూ ఉత్తిదేగదరా."

వాడు వెళ్లాక ఆవిడ వాకిట్లో నిలబడి గట్టు వైపు చూస్తూనే ఉంది. పిలిచి వెనక్కి తీసుకుంటుందేమో అనుకుంది అమలమ్మ. పిలవలేదు.

*

పండగ రోజు ఎండ తగ్గుతుండగా పేట పేటంతా దొడ్డికి చేరింది. అగరొత్తుల పొగ, బంతిపూల వాసన, పిల్లల గోల. ఎప్పుడో వెళ్లిపోయి బెజవాడలోనూ గుడివాడలోనూ ఉంటున్నవాళ్లు కొత్త బట్టలతో వచ్చి, "శౌరమ్మత్త చెయ్యి పడితేనే తెలుపు," అని మెచ్చుకుంటున్నారు. ఆవిడ నవ్వుతోంది గాని మాటిమాటికీ గేటు వైపు చూస్తోంది.

ఇన్నయ్య లారీ నుంచి నేరుగా వచ్చాడు.

"ఇచ్చావా?"

"ఇచ్చా."

"చెప్పావా?"

"నువ్వన్నట్టే చెప్పా."

"ఏమన్నారు?"

"ఏమీ అనలా. డబ్బా తీసుకుని గదిలోకెళ్లి తలుపేసుకున్నారు."

ఫాదర్‌గారు వచ్చారు. ప్రార్థన అయ్యాక, గుడి పనులు చూసే ఉపదేశి ఇంటింటా అడిగి రాయించుకున్న పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరు చదవగానే అందరూ ఒక్క గొంతుతో, "సర్వేశ్వరా, వారికి నిత్య విశ్రాంతి దయచేయండి," అంటున్నారు. గోగుల వారి వంతు వచ్చింది. "గోగుల రాయప్ప," అన్నాడు ఉపదేశి. అందరూ అన్నారు. శౌరమ్మ పెదవులు ఆ పేరు దగ్గరే ఆగిపోయాయి. చప్పుడు లేకుండా ఇంకోసారి అనుకున్నట్టు కదిలాయి.

జనం ఎవరి సమాధుల దగ్గరికి వాళ్లు వెళ్లి కొవ్వొత్తులు వెలిగించుకున్నారు. చేల మీంచి గాలి వచ్చి కొన్నిటిని ఆర్పేస్తోంది, మళ్లీ వెలిగిస్తున్నారు. శౌరమ్మ దిబ్బ మీద బంతిపూలు పరిచి, మధ్యలో అరచెయ్యి పట్టేంత చోటు ఖాళీగా వదిలింది. చుట్టూ కొవ్వొత్తులు గుచ్చింది. వెలిగించలేదు.

"వెలిగించత్తా, గాలి పెరుగుతోంది," అంది అమలమ్మ.

"ఉండు."

"చీకటి పడుతోంది."

"ఉండవే."

పక్కవాళ్లు ఆ ఖాళీ చోటును చూసి, అడగాలనిపించి, అడగకుండా వెళ్లారు. ఇన్నయ్య గేటు దగ్గరికీ దిబ్బ దగ్గరికీ తిరిగి, చివరికి తల్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "చెప్పానుగా అమ్మా," అన్నాడు మెల్లగా. సీటు గురించి వాడు ఆ పూట తలుచుకోలేదు. శౌరమ్మ అగ్గిపెట్టె తీసింది. పుల్ల గీసి మొదటి కొవ్వొత్తికి పెట్టింది. రెండోదానికి పెడుతుండగా గేటు దగ్గర గోల చేస్తున్న పిల్లలు ఒక్కసారిగా చల్లబడ్డారు.

గట్టు మీంచి ఒక మనిషి వస్తున్నాడు. తెల్లపంచె అంచు మోకాళ్ల దాకా బురద. ఎక్కడో కాలు జారినట్టుంది. గేటు దగ్గర ఆగి చెప్పులు విప్పాడు. లోపలికి ఎటు రావాలో తెలియక అటూ ఇటూ చూశాడు. రెండు చేతుల్లో, రుమాలులో పట్టుకున్న డబ్బా ఉంది.

"ఎవరే? బ్యాంకాయనా?" అని ఎవరో గుసగుసలాడారు. "నోర్ముయ్," అంది తెరేసమ్మ.

ఇన్నయ్య లేచి ఎదురు వెళ్లబోయాడు. శౌరమ్మ వాడి మణికట్టు పట్టుకుని ఆపింది. జనం దారి ఇచ్చారు. వెంకటకృష్ణారావుగారు తెల్లటి సమాధుల మధ్య నుంచి, పక్కలకు తగలకుండా ఒద్దికగా నడిచి వచ్చారు. దిబ్బ ముందు ఆగి ఊపిరి తీసుకున్నారు. డబ్బా తెరిచి నక్షత్రాన్ని అంచులు పట్టుకుని బయటికి తీశారు. వంగబోయి, మధ్యలో ఆగి శౌరమ్మ వైపు తిరిగారు.

"రాయప్పగారి తల ఎటు వైపమ్మా?"

శౌరమ్మ పైట సర్దుకుని, కొవ్వొత్తిని గాలికి అడ్డంగా చేత్తో కాచి, ఆయనకు వెలుతురు పడేలా జరిపింది.

"ఇటండీ. కాళ్లు మన పేట వైపు పెట్టాం. లేచొచ్చిన రోజు తిన్నగా ఇంటికి నడవాలని."

గోగుల అమలమ్మ
డెబ్బై రెండేళ్లు
ఇప్పుడు విజయవాడ భవానీపురంలో పెద్దమ్మాయి దగ్గర ఉంటున్నాను